ఒంటి కంకణము – పల్లెయందలి ఏకాంతవాసము





గడచిన మూడు దినములుగా ఈ దేవాలయ ప్రాంగణమున గృహస్థధర్మమును గూర్చి విచారించుకొనుచున్నాము. నిన్న ప్రవచనము ముగిసిన పిమ్మట కొందఱు పెద్దలు మా చెంతకు వచ్చి ఒక ప్రశ్న నడిగిరి. "పిల్లలందఱు పట్టణములకును విదేశములకును వెళ్ళిపోయినారు. పల్లెలో ఇంటికొక్కరముగా మిగిలినాము. తమరు గృహధర్మము చెప్పుచున్నారు, బాగుగనే యున్నది. గృహమే శూన్యమైన వానికి ధర్మ మెక్కడ, సుఖ మెక్కడ?" అని. ఆ ప్రశ్న వాదమునకై అడిగినది కాదు. ఎంతో కాలముగా మనస్సున మోయుచున్నది. కావున నేడు అనుకొన్న విషయమును రేపటికి నిలిపి, ఈ ప్రశ్నకే మాకు తోచిన సమాధానమును విన్నవింతుము.

మేమును ఆ స్థితియందే యున్నవారము. గౌతమీ వసిష్ఠా పాయల నడుమ కోనసీమలో మాది ఒక చిన్న అగ్రహారము. మా గృహిణి పరమపదించి ఆఱు సంవత్సరములైనది. ఆమెతో మా ఔపాసనాగ్నియును వెళ్ళిపోయినది. పత్ని ముందుగా గతించినచో ఆ అగ్నితోనే ఆమెకు సంస్కారము చేయవలెనని శాస్త్రము. నలువది యేండ్లకు పైగా ఉదయసాయంకాలములు ఇద్దఱము కూర్చుండి వేల్చిన అగ్ని అది. పండ్రెండవ దినము గడచి, బంధువులు వెళ్ళిపోయిన తరువాత, అగ్నిలేని ఆ గదిలో కూర్చున్నప్పుడు మీరడిగిన ప్రశ్నయే మాకును కలిగినది. అందుచేత ఇది పుస్తకమును చూచి మాత్రమే చెప్పుచున్న సమాధానము కాదు.

మొదట శ్రుతి యేమనుచున్నదో చూతము. బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయమున ఒక ఉపాఖ్యానము గలదు. సృష్టికి మొదట ఆత్మ పురుషరూపమున ఒక్కడే యుండెను. చుట్టును చూచెను. తాను తప్ప మఱొకరు కానరాలేదు. అప్పుడాతనికి భయము కలిగెను. నేటికిని ఒంటరివాడు భయపడుట అందువలననే యని శ్రుతి సెలవిచ్చుచున్నది. పిమ్మట ఆయన విచారించెను. 'నేను తప్ప వేఱొకరు లేనప్పుడు ఎవరిని జూచి భయపడవలెను?' అని తోచగనే భయము తొలగెను. అయినను ఆయనకు సంతోషము కలుగలేదు. ఒంటరివానికి సంతోషము లేదు గనుక రెండవవారిని కోరెను.

శ్రుతి యెంత యథార్థమును పలికినదో గమనింపుడు. భయము వేఱు, సంతోషము లేకుండుట వేఱు. ఒంటరిగా నున్న పెద్దలకు మన పిల్లలు చేయు ఏర్పాట్లన్నియు మొదటిదానికే. తలుపునకు గట్టి గడియ, చేతికొక సెల్‌ఫోను, వాకిట దీపము, గోడమీద వైద్యుని ఫోను నంబరు. ఇవన్నియు కావలసినవే. భయమును ఇవి తీర్చగలవు, సంతోషమును తేజాలవు. సంతోషమునకు రెండవవారు కావలెను. అయితే ఆ రెండవవారు ఎవరు? ఇంటిలో మన ప్రక్కన నిలిచిన మనిషి ఒక్కరేనా?

దీనికి సమాధానము మా శాఖయగు తైత్తిరీయారణ్యకమున రెండవ ప్రశ్నమునందు దొరకుచున్నది. అచ్చట పంచమహాయజ్ఞములు విధింపబడినవి. బ్రహ్మయజ్ఞము, దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము అని. మహాయజ్ఞములన్న పేరు విని బెదరవలదు. అగ్నియందు ఒక్క సమిధను వేసినను దేవయజ్ఞము పూర్తియగునట. పితరులకు జలము మాత్రము విడిచినను పితృయజ్ఞము పూర్తియగునట. ఒక్క ఋక్కును చదివినను బ్రహ్మయజ్ఞము పూర్తియగునట. పేరు మహత్తరము, ద్రవ్యము స్వల్పము. ఈ ఐదింటివలన ఋషులు, దేవతలు, పితరులు, సమస్తప్రాణులు, మనుష్యులు అను ఐదు తెగలవారు నిత్యము మన యింటికి తోడుగా వచ్చుచున్నారు. ఇంతమంది వచ్చు నిల్లు శూన్యగృహ మెట్లగును? పల్లెలో ఒక్కరుగా నుండుటయందు మేమెఱిగిన చిన్న చిన్న సుఖములన్నియు ఈ ఐదు వాకిళ్ళనుండియే వచ్చినవి.

మొదటిది బ్రహ్మయజ్ఞము. సూర్యోదయమునకు 96 నిమిషములకు ముందు బ్రాహ్మముహూర్తము మొదలగును. ఆ వేళ లేచి నూతికడకు వెళ్ళి గిలకమీద చేదను విడుతుము. ఆ గిలక చప్పుడే మాకు సుప్రభాతము. తొలి చేద నీరు చలికాలమున కూడ గోరువెచ్చగనే యుండును. స్నానసంధ్యల పిమ్మట కాలువగట్టునకు పోదుము. బ్రహ్మయజ్ఞమును ఊరికి తూర్పుననో ఉత్తరముననో ఇండ్ల కప్పులు కంటికి కనబడనంత దూరమున చేయుమని ఆరణ్యకము చెప్పినది. పట్టణమున ఏ దిక్కునకు ఎంత దూరము నడిచిన కప్పులు కనబడకుండును? మాకు అరమైలు చాలును. అచ్చట కూర్చుండి ఆ దినపు అనువాకమును చదువుకొందుము. బాల్యమున గురువుగారి యెదుట సంతలు చెప్పుకొన్న పన్నములు ఎనుబదిరెండు. అప్పుడు తప్పునకు వెఱచి చదివితిమి, తరువాత సభలలో మెప్పుకొఱకు చదివితిమి. ఇప్పుడు వినువారు నీటికాకులును కొంగలును మాత్రమే. స్వరము స్వరముకొఱకే పలుకు సుఖము ఈ వయస్సున లభించినది.

మొన్నటి మాఘమాసమున మోకాలు వాచి పదునేను దినములు గట్టునకు వెళ్ళలేకపోతిమి. అయినను యజ్ఞమునకు లోపము రాలేదు. బలము లేనివాడు నిలిచియో, నడచుచునో, కూర్చుండియో, పండుకొనియో చదువవచ్చునని, గ్రామమునందు మనస్సుతోనే చదువవచ్చునని ఆ ఆరణ్యకమే దయతో అనుమతించినది. పట్టెమంచముమీద వెల్లకిల పండుకొని పెణకవైపు చూచుచు చదివితిమి. వార్ధక్యమును ఇంతగా మన్నించిన తల్లి శ్రుతి తప్ప మఱొకరు లేరు.

రెండవది పితృయజ్ఞము. దోసిలితో నీరు విడిచి తండ్రితాతలను తలంచుకొనుట. వారు నడచిన అరుగుమీదనే మనము నడచునప్పుడు ఆ తలంపు వేఱుగా నుండును. 1996 నవంబరు తుపానునాడు మా సీమలో కొబ్బరితోటలు నేలవ్రాలినవి. మా పెరటిలో నిలిచినవి రెండే చెట్లు. మఱుసటి యేడు మా గృహిణి క్రొత్త మొక్కలను నాటించి బిందెలతో నీరు మోసి పెంచినది. నేడవి ఆకాశమునంటినవి. తర్పణమైన పిమ్మట ఆ చెట్ల పాదులకు నీరు పెట్టుట మా నిత్యకృత్యము. ఆకులలో గాలి యాడినప్పుడు వాన పడుచున్నట్లే వినబడును. ఆ చప్పుడు విన్నప్పుడు ఇంటిలో మఱొకరు మసలుచున్నట్లే మాకు తోచును.

మూడవది దేవయజ్ఞము. అగ్ని లేని మాకు దీపమే దేవతాముఖమని భావించుకొన్నాము. సాయంకాలము తులసికోటయొద్ద ఒక ప్రమిద, పూజగదిలో ఒక ప్రమిద. కరెంటు పోయిన రాత్రి ఆ రెండు దీపములకు ఎంత తేజస్సు వచ్చునో పల్లెవారికే తెలియును. అప్పుడు వాకిటికి వచ్చి తలయెత్తితిమా, నక్షత్రమండల మంతయు మనదే. మేము పఠించు నక్షత్రేష్టి మంత్రములు కృత్తికలతో ఆరంభమగును. కార్తికమాసమున సంధ్య చీకటిపడిన వేళ తూర్పున కొబ్బరిమట్టల నడుమనుండి ఆ కృత్తికలు ముత్యాలగుత్తివలె పైకి వచ్చును. చదివిన మంత్రమునకు అర్థము కంటియెదుట ఉదయించుట స్వల్పసుఖమా?

ప్రకృతియందలి దైవకృపయు ఇందులోనిదే. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి మా సీమకు కాలువలే ప్రాణము. వేసవిలో కాలువలను కట్టివేయుదురు. తొలకరికి ముందు మరల నీరు విడుతురు. ఎండి బీటలువాఱిన కాలువలో మొదటి నీరు ఎండుటాకులను, నురుగును ముందునకు త్రోసికొనుచు ప్రాకుచు వచ్చును. వెంట కొంగలబారు వచ్చును. ఆ దినమున ఊరిలో పనియున్నవారును లేనివారును గట్టుమీదకు చేరుదురు. ఇక వాన పడినచో మా మండువా లోగిలిలో నాలుగు ప్రక్కల పెంకులనుండి నాలుగు ధారలు నడుమకు దిగును. వాలుకుర్చీలో కూర్చుండి దానిని చూచుచున్నంతసేపు మాకు మఱొక వినోదము అక్కఱలేదు.

నాలుగవది భూతయజ్ఞము. వంట మాది స్వయంపాకమే. గ్యాసుపొయ్యిమీద ఒక గిన్నెలో అన్నము, ఒక గిన్నెలో పప్పు, పెరటిలో కాచిన బీరకాయయో, కందాబచ్చలియో. నివేదనము కాగానే వాకిట బలి వేయుదుము. మా కాకికి కాలము బాగుగా తెలియును. కొంచె మాలస్యమైనచో ప్రహరీగోడమీద కూర్చుండి పిలుచును. ఒకటి తిని ఊరకుండదు. తన వారినందఱిని పిలిచి తినును. ఇంటిలో ఒక్కరమే తినుచున్న మనకు అది దినమునకొక పాఠము. వాకిట కుక్కకు ఒక ముద్ద, వీథిలో వచ్చు ఆవునకు అరటితొక్కలు. తల్లులారా! మీరు తెల్లవాఱి వేయు ముగ్గును బియ్యపుపిండితో వేయుడు. అది చీమలకు అన్నమగును. రాతిపిండి ముగ్గు కంటికే గాని ప్రాణికి కాదు. ఒంటరిగానున్న యిల్లాలు పిడికెడు పిండితో వందల ప్రాణులకు అన్నదాత్రి యగుచున్నది.

ఐదవది మనుష్యయజ్ఞము. మా ఒక్కరికి అరసోల బియ్యము చాలును. సోలెడు వండుదుము. ఆ మిగిలిన అరసోల ఎవరిదో వండునప్పుడు మాకు తెలియదు. అందే యున్నది రుచి. ఒకనాడు సంతకు వచ్చిన పాఠశాల విద్యార్థి తినును. ఒకనాడు దూరమునుండి వచ్చిన బంధువు తినును. కొబ్బరి దింపునకు వచ్చినవారు చెట్టుదిగి చెమట తుడుచుకొని "శాస్త్రులుగారూ, మజ్జిగ ఉందాండీ?" అని కేకవేయుదురు. ఆ కేకకొఱకే కుండలో మజ్జిగ చిలికియుంచుదుము. ఎవరును రాని దినమున పొరుగింటి పసిపిల్ల గిన్నె పట్టుకొని వచ్చును. వీథి అరుగుమీద చాప పఱచియుంచినచో అతిథికి ఆహ్వానపత్రిక అక్కఱలేదు.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను చెప్పినాడు గదా! వారిలో ఒకతె కన్యక. ఆమె కంకణములవలన ఆయన ఏకాంతమునే నేర్చుకొన్నాడు గదా! మఱి మేము అతిథులను, కాకులను, దింపువారిని ఇంటికి పిలుచుచున్నామేమి?

ఆ కథను మరల నిదానముగా విందము. పెద్దలు ఇంటలేని సమయమున ఆ కన్యకను చూచుటకు వరునివైపువారు వచ్చిరి. ఇంటిలో బియ్యము లేదు. ఆమె లోపల చాటుగా కూర్చుండి వడ్లు దంచసాగెను. చేతి శంఖకంకణములు గలగలలాడినవి. ఇంటి పేదఱికము అతిథులకు తెలియునేమోయని ఆమె సిగ్గుపడి కంకణముల నొక్కొక్కటిగా తీసివేసి చేతికి రెండేసి ఉంచుకొనెను. రెండును ఒరసికొని మ్రోగినవి. అప్పుడొక్కొక్కటియే యుంచుకొనెను. ఒంటి కంకణము మ్రోగలేదు. పలువురున్నచోట కలహము, ఇద్దఱున్నచోట ముచ్చటలు, కావున ఒక్కడే సంచరింపవలెనని అవధూత గ్రహించెను.

అవధూత సన్న్యాసి. ఆయన తీసికొన్న పాఠము ఆయనకు తగినది. గృహస్థులమగు మనము ఆ కథలోనే మఱొకదానిని చూడవలెను. ఆ కన్యక కంకణములను ఎందులకు తీసివేసినది? అతిథులను తప్పించుకొనుటకా? కాదు. అతిథుల అన్నముకొఱకే. ఒంటి కంకణము చేతికి మౌనము నిచ్చినది. ఆ మౌనములో రోకలి ఆగలేదు. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. ఏకాంతమనగా పని మానుట కాదు, తలుపు మూయుట కాదు. చప్పుడు లేకుండ దంచుట. తన కలిమిలేములను పదిమందికి వినిపింపక, ఉన్నదానిని పదిమందికి వండిపెట్టుట. రోకలి ఆగిన ఒంటరితనము దుఃఖము. రోకలి నడచుచున్న ఒంటరితనము ఏకాంతము.

ఇక చివరి ప్రశ్న. ఇంతవఱకు చెప్పినవన్నియు అల్పసుఖములే గదా! ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు అల్పమునందు సుఖము లేదని, భూమయే సుఖమని బోధించినాడు. గిలక చప్పుడు, కొబ్బరి గాలి, మజ్జిగకుండ – వీనియందు రమించుట కొత్త బంధము కాదా? ఇది న్యాయమైన ప్రశ్న. శంకరభగవత్పాదులు అచ్చట భాష్యము చేయుచు అల్పము అధికతృష్ణకు హేతువగునని, తృష్ణ దుఃఖబీజమని వివరించిరి. కావున విచారింపవలసినది వస్తువు చిన్నదా పెద్దదా యని కాదు. అది 'ఇంకను కావలెను' అను కోరికను పుట్టించుచున్నదా లేదా యని. కోటి రూపాయల మేడయైనను ఇంకొకటి కావలెననిపించినచో అల్పమే.

మా ఉపనిషత్తున బ్రహ్మానందవల్లియందు ఆనందమునకు లెక్క చెప్పబడినది. యౌవనము, విద్య, బలము, సకలసంపదలతో నిండిన భూమండలము గలవాని ఆనందము ఒక మానుషానందము. దానికి నూఱు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందము. ఇట్లు మెట్టుమెట్టునకు నూఱేసి రెట్లుగా పది మెట్లెక్కినచో బ్రహ్మానందము. గంధర్వులు మొదలు ప్రతి మెట్టుననుండి శ్రుతి ఒక్క మాటను మరల మరల చెప్పుచున్నది. కామముచే దెబ్బతినని శ్రోత్రియునకును ఆ ఆనందము కలదని. ఇంద్రపదవి యెక్కనక్కఱలేదు. అరుగుమీద కూర్చుండియే ఆ మెట్లు ఎక్కవచ్చును, కోరిక దిగిపోయినచో.

అందుచేత ప్రతి చిన్నసుఖమునకు ఒక పరీక్ష పెట్టుకొనుడు. రేపు ఇది లేకపోయినచో మనస్సు తల్లడిల్లునా? కాకి రాని దినమున కాకిపై కోపము వచ్చినచో మనము వేసినది బలి కాదు, కొలువునకు జీతము. వచ్చినపుడు సంతోషము, రానపుడు శాంతి – ఇట్లున్నచో ఆ సుఖము బంధింపదు. ఆ మహానందసముద్రపు తుంపర అది. తుంపర చిన్నదే, కాని సముద్రము వేఱు తుంపర వేఱు కాదు.

ఇక కొన్ని లౌకికవిషయములు. ఒంటరిగా నుండు పెద్దలారా! ఏకాంతమును పంతముగా చేసికొనకుడు. మా పొరుగింటి యమ్మాయితో మేమొక ఏర్పాటు చేసికొన్నాము. పాలవేళకు మా వీథితలుపు తెఱచియుండనిచో ఆమె వచ్చి "బాబయ్యగారూ!" అని పిలువవలెను. బదులు రాకున్న తాళపుచెవి ఆమెయొద్ద నున్నది. నూతిచప్టాను నాచు లేకుండ గీచి యుంచుకొనుడు. రాత్రివేళ మంచముప్రక్క చేతిదీపము, మంచినీరు ఉంచుకొనుడు. మందులను వేళకు వేసికొనుడు. శరీరమును కాచుకొనుట దేహాభిమానము కాదు, యజ్ఞసాధనమును కాచుకొనుట.

పిల్లలారా! తల్లిదండ్రులు పల్లెను విడువకుండుటను మొండితనమని తలంపకుడు. దినమున కొక వేళ నిశ్చయించుకొని ఫోను చేయుడు. "బాగున్నారా?" అని అడిగినచో "బాగున్నాము" అని మాత్రమే బదులు వచ్చును. మా కోడలు "మామయ్యగారూ, ఇవాళ ఏం వండుకున్నారు? కాకి వచ్చిందా?" అని అడుగును. ఆ ప్రశ్నకు పావుగంట సమాధానము చెప్పుదుము. ఆ పావుగంటలో మా ఆరోగ్యమంతయు ఆమెకు తెలిసిపోవును.

శరీరము ఇక సాగని దినము వచ్చినచో పిల్లలయొద్దకు వెళ్ళుట ఓటమి కాదు. మాకును ఆ దినము రావచ్చును. నూతిగిలక, కాలువగట్టు, ఆమె నాటిన చెట్లు ఇచ్చటనే ఉండిపోవును. ఆ తలంపు వచ్చినప్పుడు మనస్సు ఒక క్షణము కలతచెందును. అబద్ధ మాడ నేల? కాని హైదరాబాదులో మా పెద్దవాని ఇంటికి వెళ్ళినపుడు చూచితిమి. తొమ్మిదవ అంతస్తున వరండాలో కుండీలో తులసి యున్నది. ఉదయము పావురములు వచ్చి గింజలకు ఎదురుచూచుచున్నవి. దోసెడు నీరు అచ్చటను దొరకును. ఒక్క ఋక్కు ఎచ్చటనైనను నోట నుండును. పల్లె మనకు ఏకాంతమును నేర్పు పాఠశాల. చదువు పూర్తియైన విద్యార్థి పాఠశాలను విడిచినను పాఠమును విడువడు.

కావున, ఇల్లు శూన్యమైనదని వగచు పెద్దలారా! రేపు ప్రాతఃకాలమున లేచి మీకు వచ్చిన భగవన్నామమునో, స్తోత్రమునో ఒక్కటి చదువుకొనుడు. పితరులను తలంచి దోసెడు నీరు విడువుడు. ఒక దీపము వెలిగింపుడు. ఒక ముద్ద వాకిట పెట్టుడు. మీకు కావలసినదానికంటె పిడికెడు ఎక్కువ వండుడు. సాయంకాలమునకు మీ యింటికి ఎందఱు వచ్చి వెళ్ళినారో మీరే లెక్క చూచుకొనుడు.

శ్రీ లక్ష్మీనారాయణుల కృపచే మీ ఇండ్లు పల్లెలలోనున్నను, పట్టణములలోనున్నను, పదిమందితో నున్నను, ఒక్కరితో నున్నను దీపముతోను, అన్నముతోను, శాంతితోను నిండియుండుగాక యని ఆశాసించుచు విరమించుచున్నాము.

స్వస్తి.